రాయగడలో కొత్త ఇల్లు, హోమ్ థియేటర్ రిసీవర్: 145 వాట్లదా, 80 వాట్లదా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాయగడలో ఇల్లు కడుతున్నావు, గోడలకి ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు, హాలు 12 అడుగులకి 16, టీవీ 55 అంగుళాలది, పాత డీవీడీ హోమ్ థియేటర్ సెట్టు అటక మీద ఉంది, దాని అయిదు స్పీకర్లూ ఊఫరూ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) బాగానే ఉన్నాయి కాబట్టి రిసీవర్, అంటే టీవీ నుంచి శబ్దం తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, ఒక్కటి కొంటే సరిపోతుంది కదా అంటున్నావు. షాపులో రెండు చూపించారు. ఒకటి సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590, దాని మీద 145 వాట్లని రాసుంది. రెండోది డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్, 80 వాట్లు, ధర మాత్రం ఎక్కువ. వాట్లు తక్కువున్నదానికి డబ్బు ఎక్కువేంటి అని నీ అనుమానం. పైగా నాన్నగారికి మాటలు వినపడవు, సౌండ్ పెంచితే పాట రాగానే చెవులు పగులుతాయి. పై నుంచి కూడా శబ్దం వచ్చే అట్మాస్ అనే పద్ధతి కావాలా అని కూడా అడిగావు. మొత్తం ఖర్చు లక్ష రూపాయలు దాటకూడదు.

నాది బరంపురం. చిన్నప్పుడు ఎల్ఏ4440 ఆంప్లిఫయర్ (శబ్దాన్ని పెంచే) బోర్డు తెచ్చి ప్లైవుడ్ డబ్బాలో బిగించి, ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) రోజుల్లో మా వీధిలో మోగించిన బాపతు. ఆ తర్వాత ఎస్‌టీకే4141 ఐసీలు, అందులో సగం డూప్లికేట్లు, కాలిపోయిన వాసన ఇప్పటికీ గుర్తే. గత పదిహేనేళ్లుగా ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు పర్లాకిమిడి, గుణుపూర్ దాకా తెలిసినవాళ్ల ఇళ్లలో రిసీవర్లు కూర్చోబెట్టి పెడుతున్నాను. నేను అమ్మేవాణ్ణి కాదు కాబట్టి ఏది కొన్నా నాకేం మిగలదు.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే పడిపోతారు. సోనీ 145 అన్నది ఎలా తీసిన లెక్కో తెలుసా? 6 ఓమ్‌ల స్పీకర్ పెట్టి (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, అంకె తగ్గితే రిసీవర్ మీద భారం పెరుగుతుంది), ఒక్క చానెల్, అంటే ఒక్క స్పీకర్ దారి మాత్రమే నడుపుతూ, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే ఒక్క స్వరం వాయించి, డిస్టార్షన్ (శబ్దం చెడటం) 0.9 శాతం వచ్చేదాకా వదిలేస్తే వచ్చిన అంకె. అదే సోనీ స్పెసిఫికేషన్లలో ఇంకో వరుస ఉంటుంది: రెండు చానెళ్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, అంటే చెవికి వినపడే స్వరాలన్నీ, 0.09 శాతం డిస్టార్షన్, అప్పుడు 90 వాట్లు. డెనాన్ చెప్పిన 80 ఏమో 8 ఓమ్‌ల మీద, రెండు చానెళ్లు, మొత్తం ఫ్రీక్వెన్సీ, 0.08 శాతం. 6 ఓమ్‌ల మీద 90, 8 ఓమ్‌ల మీద 80 అంటే రెండూ ఇంచుమించు ఒకే బలం. గోపాల్‌పూర్ ఒడ్డున ఒకామె చేపని తల, తోకతో తూచి రెండు కిలోలంది, పక్కామె కడిగి ముక్కలు కోశాక తూచింది, అంతే తేడా.

సరే, నిజంగానే ఒకదానికి 145, ఇంకోదానికి 90 ఉన్నాయనుకో. అప్పుడు నీ చెవికి ఎంత తేడా తెలుస్తుంది? రెండు డెసిబెల్స్ (మోతని కొలిచే కొలత). రిమోట్ మీద నాలుగైదు నొక్కుల్లో పోయే తేడా. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, చెవికి 'రెట్టింపు మోత' అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. అదే నువ్వు 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్ బదులు 88 ఉన్నది తీసుకుంటే, ఆ 3 డెసిబెల్స్ ఒక్క వాటూ అదనంగా ఖర్చు లేకుండా వస్తాయి. ఈ అంకె స్పీకర్ వెనకో, కాగితం మీదో ఉంటుంది, కొనేవాళ్లు ఎవరూ చూడరు. మీ హాల్లో సోఫా టీవీకి పది అడుగుల దూరంలో ఉంటుందనుకుంటే, ఇంట్లోవాళ్లు మామూలుగా చూసే సౌండ్‌కి ఒక్కో స్పీకర్‌కి ఒక వాటు అటూఇటూ చాలు. మిగతా వాట్లన్నీ బాంబు పేలినప్పుడు, డప్పు పడినప్పుడు వచ్చే క్షణం కోసం. కాబట్టి 12కి 16 హాలుకి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది, వాట్ల గొడవ ఇంతటితో వదిలెయ్.

ఇప్పుడు నీకు నచ్చని మాట. అటక మీది స్పీకర్లు పనికిరావు. మోగవని కాదు, ఆ రకం సెట్ల స్పీకర్లు చాలావరకు 3 ఓమ్‌లవి, వాటితో వచ్చిన డీవీడీ పెట్టెకి మాత్రమే సరిపడేలా చేసినవి. ఈ సోనీ రిసీవర్ 6 ఓమ్‌లకి తక్కువ వద్దంటుంది. 3 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే కాసేపు బాగానే మోగి, వేడెక్కి, ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అంటే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టం, ఆగకపోతే ట్రాన్సిస్టర్లు పోతాయి. వెనక స్టిక్కర్ మీద ఎన్ని ఓమ్‌లో ఒకసారి చూడు, 6 లేక 8 అని ఉంటే సోఫా వెనక పెట్టే సరౌండ్ స్పీకర్లుగా తాత్కాలికంగా వాడుకో. ఊఫర్ మాత్రం ఖాయంగా పనికిరాదు. దాన్ని నడిపే ఆంప్లిఫయర్ ఆ డీవీడీ పెట్టెలోనే ఉంది. రిసీవర్ వెనక సబ్‌ఊఫర్ అని ఉన్న రంధ్రంలోంచి సన్నని సిగ్నల్ మాత్రమే వస్తుంది, సొంత ఆంప్లిఫయర్, సొంత కరెంటు తీగ ఉన్న సబ్‌ఊఫర్ కావాలి. గుణుపూర్‌లో ఒకాయన ఇది తెలియక పాత ఊఫర్ తీగల్ని ఆ రంధ్రంలో దూర్చి, 'కొత్త రిసీవర్‌లో బేస్ లేదు' అని షాపువాళ్లతో రెండు రోజులు పోట్లాడాడు.

అందుకే నేను లెక్క తలకిందులుగా వేయమంటాను. లక్షలో రిసీవర్‌కి 40 వేలు దాటనివ్వకు. మిగతాది స్పీకర్లకీ సబ్‌ఊఫర్‌కీ. రిసీవర్లు ఏడెనిమిదేళ్లకి పాతబడిపోతాయి, కొత్త హెచ్‌డీఎమ్ఐ ఏదో వస్తుంది, స్పీకర్లు ఇరవై ఏళ్లు ఉంటాయి. డబ్బు సరిపోకపోతే ఇప్పుడు ముందు రెండు, మధ్యలో సెంటర్, ఒక సబ్‌ఊఫర్ చాలు, దీన్నే 3.1 అంటారు. వెనకవి దసరాకో, వచ్చే ఏడాదికో కొనుక్కోవచ్చు. నాసిరకం అయిదు స్పీకర్ల కంటే మంచి మూడు స్పీకర్లు వందరెట్లు నయం, ఇది నేను వాదించడానికి కూడా ఒప్పుకోని విషయం.

ఇక నాన్నగారి బాధ, నా దృష్టిలో నీ ప్రశ్నలో అసలు విషయం ఇదే. సినిమాలో మాటలన్నీ దాదాపుగా సెంటర్ స్పీకర్‌లోంచే వస్తాయి. టీవీకి ఉండే స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తూ ఉంటాయి, అందుకే మాట గోడకి తగిలి వస్తుంది. సెంటర్ స్పీకర్‌ని టీవీ కింద, అరుగు అంచుదాకా ముందుకి లాగి, కూర్చున్నవాళ్ల ముఖం వైపు కొంచెం ఎత్తి పెట్టు, అద్దాల అరలో లోపలికి తోసెయ్యకు. మెనూలో సెంటర్ లెవెల్ ఒకటి ఉంటుంది, దాన్ని 2 లేక 3 డెసిబెల్స్ పెంచు. రాత్రిపూట నైట్ మోడ్ లేక డీఆర్‌సీ లేక డైనమిక్ వాల్యూమ్, కంపెనీని బట్టి పేరు మారుతుంది, అది ఆన్ చేస్తే గుసగుస పెరిగి మోత తగ్గుతుంది. నాన్నగారు ఒడియా వార్తలు చూసినా, అమ్మగారు తెలుగు సీరియల్ చూసినా ఇది పనికొచ్చే బటన్. సెంటర్ కొనేదాకా రెండే స్పీకర్లతో నడుపుతావనుకో, మెనూలో సెంటర్ 'లేదు' అని పెట్టాలి. పెట్టకపోతే రిసీవర్ లేని స్పీకర్‌కి మాటలు పంపేసి కూర్చుంటుంది, పాటలు వస్తాయి, మాటలు రావు. ఫోన్‌లో నన్ను అడిగేవాళ్లలో పదిమందిలో నలుగురిది ఇదే కేసు.

ఇంకో కారణం ఇల్లే. స్లాబు, టైల్స్, పెద్ద కిటికీ అద్దాలు, నున్నటి పుట్టీ గోడలు, ఖాళీ హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి చూడు, టంగుమని మోగిందంటే ఏ రిసీవరూ మాటని శుభ్రంగా వినిపించలేదు. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన కర్టెన్లు, పక్క గోడకి ఒక పుస్తకాల బీరువా. ఆ ఖర్చుకి వచ్చే తేడా ఇరవై వేలు ఎక్కువ పెట్టి కొన్న రిసీవర్‌లో రాదు. అయితే మా ఆవిడ చెప్పినట్టు తివాచీ దులిపేది నువ్వు కాదు కదా, అది ఇంట్లో అడిగి చెయ్యి.

అట్మాస్ కావాలా అన్నావు. సినిమా హాళ్లకి అట్మాస్ 2012లో వచ్చింది, ఇళ్లకి 2014లో. పై నుంచి కూడా శబ్దం రావాలన్నది దాని సంగతి, అందుకని 5.1.2 అంటే మామూలు 5.1కి (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) తోడు పైన రెండు. డెనాన్‌లో అది ఉంది, సోనీ 590లో లేదు. లేకపోతే సినిమా ఆగిపోదు, అదే ట్రాక్‌లోంచి 5.1 వస్తుంది. నీకు పైకప్పులో స్పీకర్లు పెట్టే ఉద్దేశం ఉందా? స్లాబుకి ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నావా? వేయిస్తుంటే డెనాన్ వైపు ఆలోచించు, దానికి తగ్గట్టు స్పీకర్లు ఒక్కొక్కటిగా కొను. లేదంటే ఏడు చానెళ్ల రిసీవర్ కొని అయిదు వాడి, అందులోనూ రెండు అటక మీదివి వాడటం ఎందుకు? 590 అనేది 2018 మోడల్, ఆ సంగతి గుర్తుపెట్టుకో. షాపులో స్టాకు ఉంటే పెట్టె సీలు, తయారీ తేదీ, వారంటీ ఎప్పటినుంచో చూసి బేరమాడు. నా ఓటు అయితే, ఫాల్స్ సీలింగ్ లేకపోతే, ఆ సోనీ 590కీ లేక అదే స్థాయి ఇంకో 5.1కీ, మిగిలిన డబ్బు సెంటర్ స్పీకర్‌కి.

టీవీకి కలిపే దగ్గర తొంభై శాతం తలనొప్పులు. టీవీ వెనక హెచ్‌డీఎమ్ఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన మాత్రమే ఆర్క్ అనో ఈఆర్క్ అనో రాసి ఉంటుంది. టీవీ శబ్దాన్ని అదే తీగలో రిసీవర్‌కి వెనక్కి పంపే దారి ఆర్క్, ఈఆర్క్ దాని పెద్ద రూపం. రిసీవర్‌లో టీవీకి వెళ్లే అవుట్ నుంచి తీగ సరిగ్గా అందులోకే వెళ్లాలి. మామూలు ఆర్క్‌లో ఓటీటీ యాప్‌లు సరౌండ్ శబ్దానికి వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రూపం వచ్చేస్తుంది, ఆ రూపంలో వచ్చే అట్మాస్ కూడా. బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ లాంటి పెద్ద ట్రాకులు టీవీ మీదుగా పంపాలంటేనే ఈఆర్క్ కావాలి. నీకు బ్లూరే లేదు కాబట్టి దాని కోసం అదనంగా డబ్బు పెట్టకు. ఆప్టికల్ తీగ వాడకు, అందులో డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు. తర్వాత టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎమ్ (చాలా టీవీల్లో రెండు చానెళ్ల మామూలు శబ్దం) అని ఉంటుంది, దాన్ని ఆటో లేక పాస్‌త్రూకి (వచ్చింది వచ్చినట్టు పంపేది) మార్చు. ఇది మార్చకుండా ఏడాదంతా స్టీరియో విని 'సరౌండ్ అంటే ఇంతేనా' అన్నవాళ్లని చూశాను. సినిమా నడుస్తున్నప్పుడు రిసీవర్ ముందు అక్షరాల్లో డాల్బీ అని పడాలి. స్టీరియో అనో పీసీఎమ్ అనో పడితే ఎక్కడో సెట్టింగ్ తప్పింది, లేదా ఆ సినిమాయే స్టీరియోలో ఉంది, ముందు 5.1 గుర్తు ఉన్నదేదైనా పెట్టి చూడు. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, అది కూడా గుర్తుంచుకో. పెన్‌డ్రైవ్ సినిమాల్లో డీటీఎస్ అనే ఇంకో రకం సరౌండ్ ట్రాక్ ఉంటే చాలా టీవీలు దాన్ని బయటికి వదలవు, నిశ్శబ్దంగా ఉంటుంది. అలాంటప్పుడు చిన్న మీడియా పెట్టె కొని నేరుగా రిసీవర్‌కి కలిపేయడమే.

రిసీవర్ పెట్టెలో, గదిలో శబ్దం కొలిచి స్పీకర్లని సరిచేయడానికి ఒక చిన్న మైకు వస్తుంది, దాన్ని ప్యాకింగ్‌తో పాటు పారేసేవాళ్లున్నారు. డెనాన్‌లో దాని పని ఆడిస్సీ పేరుతో, యమహాలో వైపావో పేరుతో నడుస్తుంది, సోనీలోనూ ఉంది. కొన్ని చవక మోడళ్లలో మైకు అసలు ఉండదు, పెట్టెలో ఏమేం వస్తాయో చదివి కొను. పొద్దున్నే వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, మైకుని సోఫా మీద పడెయ్యకుండా కెమెరా స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టి నడిపించు. అయ్యాక అది వేసిన లెక్కని గుడ్డిగా నమ్మకు. ముందు స్పీకర్లని 'లార్జ్' అని పెట్టేస్తుంది ఒక్కోసారి, నువ్వు 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఏ స్వరం కింది బేస్‌ని సబ్‌ఊఫర్‌కి పంపాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టు, బరువైన బేస్ అంతా సబ్‌ఊఫర్ మోస్తుంది, చిన్న స్పీకర్లకి ఊపిరాడుతుంది. సబ్‌ఊఫర్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే దాన్ని తాత్కాలికంగా నువ్వు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంట పాకుతూ విను. ఎక్కడ బేస్ గుండ్రంగా, సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టు. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

మన వైపు ప్రత్యేకంగా చెప్పాల్సింది కరెంటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా బావ ఇంట్లో నేనే పెట్టిన రిసీవర్ ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు, వచ్చిన పూట న్యూట్రల్ సరిగా తగలక ఇంట్లోకి ఎక్కువ వోల్టేజీ వచ్చింది, ప్లగ్గు పీకమని చెప్పడం మర్చిపోయింది నేనే. ట్యూబులైటు, ఫ్రిజ్, రిసీవర్ మూడూ పోయాయి. రిసీవర్‌ని సర్వీసు సెంటర్‌కి పంపితే రెండున్నర నెలలు పెట్టుకుని బోర్డు దొరకట్లేదని తిప్పి పంపారు. కంపెనీ పేరు వద్దులే, ఏ కంపెనీ అయినా అంతే అయ్యుండేది. అప్పట్నుంచీ నేను ఎవరికి పెట్టినా, వోల్టేజీ ఎక్కువ తక్కువైతే కత్తిరించేసే స్టెబిలైజర్ పెట్టిస్తాను, ఉరుములొస్తే ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా పీకమంటాను, ఎందుకంటే పిడుగు సగంసార్లు ఆ తీగలోంచే వచ్చి హెచ్‌డీఎమ్ఐ బోర్డు పట్టుకుపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ నడపకు, ట్రాన్స్‌ఫార్మర్ జుయ్యిమంటుంది. విదేశం నుంచి బంధువులు తెస్తానంటే వద్దను, అమెరికావి 120 వోల్టుల మోడళ్లు, ఇక్కడ వారంటీ కూడా ఉండదు.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి? రాయగడ వాళ్లకి వైజాగ్ రైల్లో నాలుగైదు గంటలు, భువనేశ్వర్ దాని కంటే దూరం. ఏ బ్రాండుకి వైజాగ్‌లో సర్వీసు ఉందో ఫోన్ చేసి కనుక్కుని, అదే తూకంలో వెయ్యి. వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో నీకు బాగా తెలిసిన ఒక పాట, మాటలు ఎక్కువున్న ఒక సీను పట్టుకెళ్లి వాళ్ల డెమో గదిలో విను, వాళ్లు పెట్టే యాక్షన్ సీన్ మీద ఏ స్పీకరైనా బాగుంటుంది. ఆ తర్వాత ఇంట్లో రిసీవర్ పైన నాలుగు వేళ్లు ఖాళీ వదులు, దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టకు. వేడికి ఆశపడి బల్లులు లోపల దూరతాయి. నేను విప్పిన వాటిలో బల్లి అడ్డంగా పడి షార్ట్ అయినవి మూడు.

రాస్తూ రాస్తూ అన్నిటికంటే ముందు చెప్పాల్సింది చివరికి గుర్తొచ్చింది. గోడలకి ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు అన్నావు కదా, ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ని పట్టుకో. టీవీ వెనక నుంచి కింద అరుగు దాకా ముప్పావు అంగుళం పైపు వేసేస్తాడు, అందులో హెచ్‌డీఎమ్ఐ తల దూరదు, అంగుళంన్నర వేయించు, మూలల్లో ఎల్బో కాకుండా మెల్లగా వంగే బెండు వాడమను. అక్కడి నుంచి సోఫా వెనక రెండు మూలలకీ, సీలింగ్‌లో రెండు చోట్లకీ ఖాళీ పైపులు, ఇప్పుడు స్పీకర్లు కొనకపోయినా సరే. కరెంటు తీగలున్న పైపులో వీటిని కలపొద్దు. తీగ 16 గేజ్ పూర్తి రాగిది కొను, అల్యూమినియం మీద రాగి పూతవి చవగ్గా అమ్ముతారు, కొన గీరి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. వడ్రంగి టీవీ అరుగు లోతు అడుగు పెడతానంటాడు, ఆ డెనాన్ లోతే 34 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, వెనక తీగలకి ఇంకో నాలుగు అంగుళాలు. 18 అంగుళాలు పెట్టమను, వెనక పలక కొట్టకుండా వదిలెయ్యమను.